కూర్మమ్మ పుట్టిల్లు: ఒక వంశవృక్షం కేసు పూర్తి వివరం

1890 ఏప్రిల్‌లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరిన ఓడ జాబితాలోని రెండు వరుసలు ఈ కేసుకు మూలం. మొదటి వరుసలో ఇలా ఉంది: కూర్మమ్మ, వయసు 22, తండ్రి రామానుజయ్య, కులం సాతాని, జిల్లా గంజాం, ఠాణా చికాకోల్, ఊరు ఫలానా. దాని కిందే నాలుగేళ్ల మగపిల్లవాడు. అతని తండ్రి గడిలో వేరే పేరు ఉంది. ఆమె వరుసలో భర్త ప్రస్తావన లేదు.

డర్బన్‌లో ఉంటున్న ఒక పెద్దావిడ ఈ జాబితా నకలు పట్టుకుని నన్ను సంప్రదించారు. ఆ పిల్లవాడు ఆమెకు తాతగారు, అంటే తండ్రికి తండ్రి. కూర్మమ్మ తాతగారి తల్లి. ఆమె ఎవరి బిడ్డ, ఆ ఇంటి పెద్దలు ఎవరు, ఏ ఊరివాళ్లు అన్నది తేల్చాలి. ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు బయటపెట్టకూడదని రెండు దేశాల కుటుంబాలూ కోరాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. కూర్మమ్మ, రామానుజయ్య అన్న పేర్లు దాచాల్సిన పని లేదు. శ్రీకూర్మం, అరసవల్లి, సింహాచలం దేవుళ్ల పేర్లు ఈ నేల మీద ఇంటింటా ఉన్నాయి. రామానుజయ్యలు సాతాని కుటుంబాల్లో తరానికొకరైనా ఉంటారు.

ఇంతకు ముందు ఆమె కోసం వెతికిన వారు జాబితాలో గంజాం అని చూసి ఒడిశా గంజాం వెళ్లి, బరంపురం చుట్టుపక్కల గాలించి ఉత్త చేతులతో వచ్చారు. ఈ జిల్లాల చరిత్ర తెలియకపోతే అలాగే జరుగుతుంది. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ రోజున విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వేరుపడ్డాయి. ఒకే ఊరి కాగితాలు ఏ ఏడాదివన్న దాన్ని బట్టి ఒక్కో జిల్లా పేరు కింద ఉంటాయి. వెతికే మనిషి ముందు ఏడాది తేల్చుకుని ఆ తర్వాతే జిల్లా పేరు పలకాలి.

జాబితాను చదవడం

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మొదటి బృందాన్ని డర్బన్ చేర్చింది. 1911లో ఉమ్లాజి చివరి బృందాన్ని తీసుకువెళ్లింది. మధ్యలో లక్షన్నర మందికి పైగా ఒప్పందపు కూలీలు నాటాల్ చేరారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన వారిలో తమిళుల తర్వాత తెలుగువారే ఎక్కువ, అందులో గంజాం, విశాఖపట్నం జిల్లాలవారు గణనీయంగా ఉన్నారు. 1883 వలస చట్టం ప్రకారం కూలీని మద్రాసు పంపే ముందే సొంత జిల్లాలోని అధికారి ఎదుట నమోదు చేయించాలి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు అక్కడే అడిగేవారు. అక్కడ తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషు అక్షరాల్లోకి మారి, కూలీలను ఓడ ఎక్కేదాకా ఉంచే మద్రాసు డిపోలో మరోసారి, నాటాల్‌లో ఇంకోసారి నకలయ్యేది. జాబితాలోని ఊరి పేరులో చివరి ‘వలస’ ఒక్కటే పలికేలా ఉంది. శ్రీకాకుళం చుట్టూ పేరు చివర ‘వలస’ ఉన్న ఊళ్లకు కొదవ లేదు. పాత చికాకోల్ తాలూకాలోని వలసలన్నీ రాసుకుని, ఒక్కోదాన్ని తమిళ గుమాస్తా చెవితో విన్నట్టు పలికి చూసుకుంటే నాగావళికి అవతల ఉన్న ఒక్క ఊరు మాత్రం సరిపోయింది.

ఊరు దొరికాక ఆ ఊళ్లో రామానుజయ్యను వెతకడం సహజంగా తోచే పని. కానీ ఆ జాబితాలో ఊరు గడి ఒక ఇంటిది, తండ్రి పేరు గడి మరో ఇంటిది. 22 ఏళ్ల, బిడ్డ తల్లి అయిన ఆడమనిషిని “మీ ఊరేది?” అని అడిగితే కాపురం చేస్తున్న ఊరే చెబుతుంది. “మీ నాన్న పేరు?” అంటే పుట్టింటి పేరు చెబుతుంది. గుమాస్తా రెండూ ఒకే వరుసలో రాసేస్తాడు. మగవాళ్ల విషయంలో తండ్రీ ఊరూ ఒకే చోట ఉంటాయి కాబట్టి ఇబ్బంది తెలియదు. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో మాత్రం, తండ్రి ఎప్పుడూ కాపురం ఉండని ఊళ్లో అతని కోసం వెతికి “రికార్డు లేదు” అని తేల్చేసిన కేసులు నేను చాలానే చూశాను.

అందుకే నేను రెండో వరుసకు ఎక్కువ విలువ ఇచ్చాను. పిల్లవాడి తండ్రి గడిలో ఉన్న పేరు కూర్మమ్మ భర్తది. అంటే ‘వలస’ ఊరికి సరిపోయే మనిషి అతనే. రామానుజయ్యది ఆ ఊరు కాదని, నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో మరేదో ఊరు అయి ఉంటుందని అనుకుని మొదలుపెట్టాను.

దస్తావేజులు

ఆడవాళ్ల జాడ వెతికేటప్పుడు నా పద్ధతి ఒకటే: ఆమెను వదిలి, ఆమెకు ఎవరు ఏమిచ్చారో, ఆమె ఎవరికి ఏమిచ్చిందో వెతకడం. పందొమ్మిదో శతాబ్దపు గ్రామ లెక్కల్లో ఆడమనిషి పేరు కనిపించే సందర్భాలు తక్కువ. భూమి చేతులు మారినప్పుడు మాత్రం పేరు రాయక తప్పదు, భర్త పేరు, తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు కూడా రాయాల్సిందే.

ఇక్కడ చట్టం మనకు మేలు చేసింది. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద భూమి ఇవ్వడం పాత ఆచారం, నోటిమాటతోనే సాగేది. ఆస్తి బదలాయింపు చట్టం 1882 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాక, స్థిరాస్తి దానం చేయాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు కావాలని 123వ సెక్షన్ చెప్పింది. పల్లెల్లో చాలామంది దాన్ని పట్టించుకోలేదన్నది నిజమే. పట్టించుకున్న కొద్దిమందిలో రామానుజయ్య ఉంటాడా అన్నది నా ప్రశ్న. 1890లో 22 ఏళ్లంటే ఆమె పుట్టింది 1868 ప్రాంతంలో. కాపురానికి పంపింది 1882 తర్వాతే అయ్యే అవకాశం ఉంది. రెండు మూడేళ్ల తేడాతో ఈ చట్టం కేసుకు పనికివచ్చేది, లేదా పనికిరాకుండా పోయేది.

కంప్యూటర్లో దొరికే ఇ.సి. (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే కాబట్టి ఇలాంటి పనికి అది దండగ. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద, స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మొదటి సూచిక మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద ఉంటాయి. నేను పేర్ల సూచికలో రామానుజయ్య దగ్గర ఆగలేదు. రాసి ఇచ్చినవాళ్లూ రాయించుకున్నవాళ్లూ ఇద్దరి పేర్లూ అందులో ఎక్కుతాయి కనుక, రాయించుకున్నవాళ్లలో కూర్మమ్మల కోసం చూశాను. రామానుజయ్యలు చాలామంది రాసి ఇచ్చారు. ఆడవాళ్ల పేర రాయించిన దస్తావేజులు మాత్రం ఆ కాలంలో కొద్ది. ఎప్పుడైనా చిన్న కుప్పలో వెతకడమే తెలివి.

తారణ నామ సంవత్సరం వైశాఖ మాసం, అంటే 1884 మే ప్రాంతపు దాన దస్తావేజు దొరికింది. సంవత్సరం పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి 1824, 1884, 1944 మూడూ తారణలే. రిజిస్ట్రేషన్ తేదీ పక్కనే ఉంది కనుక ఇక్కడ సందేహం లేదు. విడి కాగితాల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. గార వైపు ఒక ఊరి కాపురస్తుడైన రామానుజయ్య తన కూతురు కూర్మమ్మకు అర ఎకరం జిరాయితీ (పన్ను కట్టే సొంత సాగుభూమి) పల్లం పసుపు కుంకుమల కింద రాసి ఇచ్చాడు. ఆమె ఫలానా వారి భార్య, ఫలానా వలస కాపురస్తురాలు అని ఉంది. భర్త పేరు ఓడ జాబితాలో పిల్లవాడి తండ్రి పేరే. ఊరు నేను అనుకున్న వలసే.

తండ్రి, కూతురు, అల్లుడు, అల్లుడి ఊరు, కులం. అయిదూ కలిశాయి. నాకు అది చాలలేదు. అవే పేర్లు గల మరో కుటుంబం ఉండదని చెప్పలేం. పేర్లు తరం విడిచి తరంలో తిరిగి వచ్చే మన ఇళ్లలో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరికీ ఒకే తాత పేరు ఉండడం మామూలే. కాబట్టి ఆ అర ఎకరం తర్వాత ఏమైందో చూడాలి.

రెండో సూచికలో ఆ భూమి మీద విరోధి నామ సంవత్సరం మార్గశిరంలో, అంటే 1889 చివర రాసిన క్రయ దస్తావేజు ఉంది. అమ్మింది కూర్మమ్మ, ఇప్పుడు ‘కీర్తిశేషులు’ అని భర్త పేరు ముందు చేరింది. కొన్నది ఆమె తోడబుట్టిన అన్న. కారణం ‘కుటుంబ పోషణ నిమిత్తం’ అని రాశారు. దస్తావేజు లేఖరులు ప్రతి అమ్మకానికీ వాడే మాట అది, దాని మీద కథ కట్టకూడదు. అయితే 1889 గంజాం జిల్లాలో కరువు ఏడాదన్నది చరిత్ర. విధవరాలు, చంటిబిడ్డ, కరువు, పుట్టింటివారు ఇచ్చిన భూమి పుట్టింటికే అమ్మకం. ఇంతవరకు కాగితం చెప్పింది. మిగిలినది చదివేవారు ఊహించుకోవచ్చు, వంశవృక్షంలో మాత్రం రాయకూడదు.

కేసు ఖాయమైంది సంతకం దగ్గర. ఆమె నిశానీ వేసింది. తన తరఫునా, మైనరు కుమారుడి గార్డియనుగానూ. కుమారుడి పేరు, వయసు 3 అని ఉన్నాయి. ఆ పేరు ఓడ జాబితాలోని పిల్లవాడి పేరే. నిజానికి అది స్త్రీధనం, అమ్మడానికి కొడుకు కలవాల్సిన పని లేదు. రేపు పిల్లవాడు పెద్దయి అడ్డం తిరగకూడదని కొనేవాడి జాగ్రత్త. మా ఇంట్లో దస్తావేజు లేఖరులు ఉన్నారు, ఈ జాగ్రత్త నాకు కొత్త కాదు. సొంత అన్న కూడా ఆ జాగ్రత్త పడ్డాడంటే నాకు నవ్వు వచ్చింది గానీ, ఆ అనుమానమే లేకపోతే 135 ఏళ్ల తర్వాత ఈ కేసు తేలేది కాదు.

డర్బన్ కుటుంబంలో ఒక కథ ఉంది. రథసప్తమికి అరసవల్లి వచ్చిన కూర్మమ్మను కూలీ మేస్త్రీ మాయమాటలు చెప్పి తీసుకుపోయాడని. మార్గశిరంలో భూమి అమ్మడం, మాఘంలో రథసప్తమి, ఏప్రిల్‌లో ఓడ దిగడం. వరుస సరిపోతుంది. అప్పటికి ఇటు రైలు పడలేదు, తీరం వెంట ఓడ మీదో బండి దారినో మద్రాసు చేరాలి. డిపోలో కొన్నాళ్లు ఉండాలి. ఓడలో ప్రతి 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్న నిబంధన వల్ల ఒంటరి ఆడవాళ్ల కోసం మేస్త్రీలు గట్టిగానే తిరిగేవారు. కథను నేను కొట్టివేయలేదు, నిర్ధారించనూ లేదు. చేతిలో అమ్మకం డబ్బు ఉన్న మనిషి తెలిసే వెళ్లి ఉండవచ్చు. ఆ డబ్బు అప్పులకే చాలి ఉండవచ్చు. నివేదికలో కథను కథగానే రాశాను.

తండ్రి పైన

రామానుజయ్య తండ్రిని పట్టించింది దాన దస్తావేజులోని చెక్కుబంది, అంటే హద్దుల వివరం. అర ఎకరానికి దక్షిణ హద్దుగా ‘మా తండ్రిగారి నాటి నుంచి మేము అనుభవించుచున్న స్వామివారి పుష్ప కైంకర్యం మాన్యం’ అని ఉంది. సాతానులు వైష్ణవాలయాల్లో పూలమాలలు కట్టడం, తులసి సమకూర్చడం లాంటి సేవలు చేసే కుటుంబాలు. ఆ సేవకు మాన్యం ఉండేది. మాన్యం ఉంటే ఇనాం రిజిస్టరు ఉంటుంది.

1858లో ఏర్పాటైన ఇనాం కమిషన్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇనాముల హక్కులను విచారించి ఫెయిర్ రిజిస్టర్లు రాసింది. ఇనాం ఎందుకు ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. వ్యక్తుల సొంత ఇనాములకు పన్ను విధించి హక్కు ఖాయం చేశారు. గుడి సేవ మాన్యాలను సేవ జరిగినంత కాలం అని కట్టడి పెట్టి అలాగే వదిలేశారు. అందువల్ల ఆ కుటుంబాలు ఊళ్లు వదిలి పోకుండా తరతరాలు కాగితాల్లో మిగిలాయి. జిరాయితీ రైతుకు ఈ సౌలభ్యం లేదు.

కూర్మమ్మ పుట్టిన ఊరి రిజిస్టరులో ఆ గుడి పుష్ప కైంకర్యం మాన్యం ఒక్కటే ఉంది. అనుభవదారు 50 దాటిన మనిషి, వారసుడిగా కొడుకు రామానుజయ్య. ఇంటి పేరు దస్తావేజులోని ఇంటి పేరే. మాన్యం ఉత్తర హద్దు ఆ కుటుంబపు జిరాయితీ. దస్తావేజులో మాన్యం దక్షిణాన ఉంది, రిజిస్టరులో జిరాయితీ ఉత్తరాన ఉంది. మనుషుల పేర్లు కలిసినప్పుడు కలగని నమ్మకం హద్దులు కలిసినప్పుడు నాకు కలుగుతుంది. కూర్మమ్మ తాత ఖాయం.

అదే రిజిస్టరు మొదటి ప్రతిగ్రహీత పేరు కూడా చెబుతోంది, అనుభవదారుకు అతను ముత్తాత అని. డర్బన్ పెద్దావిడకు అది విని చాలా సంతోషం కలిగింది. పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్లినట్టు కదా. నేను మాత్రం ఆ పేరును చెట్టులో గీత గీసి కలపలేదు, చుక్కల గీతే పెట్టాను. 50 ఏళ్ల అనుభవం చూపిస్తే ఇనామును చెల్లినదిగా ఒప్పుకునే నియమం ఉండేది. వంశం పొడుగ్గా చెబితే లాభం ఉన్న చోట చెప్పిన వంశం అది. అబద్ధమని అనడం లేదు, దాన్ని సమర్థించే రెండో సాక్ష్యం కావాలి.

ఇక తల్లి. కూర్మమ్మ పూర్వీకులంటే తండ్రి వైపు వాళ్లు మాత్రమే కాదు కదా. దాన దస్తావేజులో అల్లుడిని ‘నా భార్య తోడబుట్టిన అన్నగారి కుమారుడు’ అని రాశారు. మేనరికం. అంటే కూర్మమ్మ అత్తవారిల్లే ఆమె తల్లికి పుట్టిల్లు. ఒక్క వాక్యంతో తల్లి ఇంటి పేరు, ఊరు, అన్న దొరికాయి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. మొగుడి దస్తావేజులో ‘నా భార్య’, అల్లుడి వైపు కాగితాల్లో అదీ లేదు. చెట్టులో ఆ గడి ఖాళీగా ఉంది. కూర్మమ్మకు నాటాల్‌లో పుట్టిన కూతురి పేరు అమ్మమ్మదే అయి ఉంటుందని, అది రాసెయ్యమని పెద్దావిడ అడిగారు. నేను ఒప్పుకోలేదు. మేనత్త పేరు, దేవత పేరు, యజమానురాలు పెట్టిన పేరు కూడా కావచ్చు.

డి.ఎన్.ఎ. గురించి కూడా రెండు మాటలు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పెద్దావిడ కూర్మమ్మ కొడుకు సంతతి, ఆ డి.ఎన్.ఎ. కొడుకు దగ్గర ఆగిపోయింది. మామూలు పరీక్షలు మేనరికాల ఇళ్లలో చుట్టరికాన్ని ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తాయి. వై క్రోమోజోమ్ పరీక్ష మాత్రం ఆసక్తికరమైనది. డర్బన్‌లో కొడుకు నుంచి కొడుకుగా దిగివచ్చిన మగవాడికి ఉన్న వై కూర్మమ్మ భర్తది. మేనరికం కనుక అదే ఆమె మేనమామది, ఆమె తల్లికి తండ్రిది కూడా. వలస ఊరిలోని ఆ ఇంటివారి వైతో పోల్చితే అత్తవారి వంశాన్నీ తల్లి వంశాన్నీ ఒకే దెబ్బకు పరీక్షించినట్టు. ఒకే ఇంటి పేరువారు శతాబ్దాలుగా ఒకే వై పంచుకుంటారు కాబట్టి అది ఫలానా మనిషిని రుజువు చేయదు, కాగితం చెప్పింది తప్పయితే పట్టిస్తుంది, అంతే. చేయించుకోవడం వారి ఇష్టానికి వదిలాను.

కాగితాల పని అయ్యాక కూర్మమ్మ అన్న మునిమనవణ్ని, ఇప్పుడు డెబ్బై అయిదు దాటిన పెద్దాయనను, గార వైపు ఊరిలో కలిశాను. తన తాతకి మేనత్త ఒకావిడ ‘దేశాలు పట్టి పోయింది’ అని చిన్నప్పుడు విన్నానన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. కాసేపటికి అసలు సంగతి బయటికి వచ్చింది.

“బాబూ, ఆవిడ భూమి కోసం వస్తున్నారా?” అని అడిగారు.

ఇలాంటి చోట మాటలతో లాభం లేదు. 1889 క్రయ దస్తావేజు నకలు ఆయన చేతిలో పెట్టాను. కూర్మమ్మ, మైనరు కొడుకు ఇద్దరూ పూర్తి సొమ్ము పుచ్చుకుని ఆయన ముత్తాతకు అమ్మేసినట్టు అందులో స్పష్టంగా ఉంది. చుట్టరికాన్ని రుజువు చేసిన కాగితమే దావా లేదనీ రుజువు చేస్తోంది. పైగా ఆ పొలం ఆయన తండ్రి హయాంలోనే వేరేవారికి పోయిందట. మనవడి చేత రెండుసార్లు చదివించుకుని విన్నారు. ఆ తర్వాత వేళ్ల మీద లెక్క వేశారు. “మా తాతా, వాళ్ల తాతా మేనత్త మేనమామ పిల్లలు. మా నాన్నా, వాళ్ల నాన్నా బావా బావమరుదులు. అయితే ఆవిడ నాకు మరదలు వరస అవుతుంది కదా! ఈ మాట ముందే చెప్పొద్దా?”

అప్పుడు తన వైపు నాలుగు తరాల పేర్లు రాయించారు, ఆడపడుచులు ఏ ఊళ్లకు వెళ్లారో సహా. తాత తల్లి పేరు మాత్రం తెలియదన్నారు. ఆమె పుట్టింటివారి ఊరు రాజాం వైపని చెప్పి, ఎవరిని అడగాలో చెప్పారు.